షాద్‌నగర్, చౌటుప్పల్, భోనగిరి: సిటీకి రోజూ అప్‌డౌన్ చేయాలంటే ఏది నయం?

రాయదుర్గం_రైడర్
ఆఫీసు రాయదుర్గంల, వారానికి నాలుగు రోజులు పోవాలె. ఇంటామె పని శంషాబాద్ కార్గో దిక్కు, షిఫ్టులు మారుతుంటయి. సిటీ కిరాయిలు మోయలేక బయట ఊరు చూస్తున్నం. ఇప్పుడైతే బండి ఒకటే ఉంది, కారు తర్వాత సంగతి. మూడు ఊర్లూ సిటీకి 50 కి.మీ. అటుఇటు. ఏ వెంచరోన్ని అడిగినా "45 నిమిషాలే సార్" అంటున్నడు. ఏ ఊరి 45 నిమిషాలు నిజం?

పాలమూరు_పోరడు
మూడూ నిజమే. ఆదివారం పొద్దున ఆరింటికి, కారుల, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) దాక. ఆడికెళ్లి ఆఫీసు దాక ఎంతసేపో బ్రోచర్ల అచ్చెయ్యరు.

ఆరాంఘర్_ఆగమాగం
కిలోమీటర్లు పక్కన పెట్టు. మూడు ఊర్లకు మూడు పీటముళ్ళున్నయి. షాద్‌నగర్‌కు ఆరాంఘర్, చౌటుప్పల్‌కు ఎల్బీనగర్ (ఆ ముడి హయత్‌నగర్ కాడనే మొదలైతది), భోనగిరికి ఉప్పల్. ఊరి నుంచి ముడి దాక 40 కి.మీ. హైవే, గంటలోపు పోతవు. లోపల మిగిలిన 15–20 కి.మీ.కి ఇంకో గంట, గంటన్నర. అందుకని దిగినంక ఏమెక్కుతవో ముందు చూడు, ఊరు దాన్ని బట్టి.

ఉప్పల్ల దిగితే నాగోల్–రాయదుర్గం మెట్రో, ఒకటే బండి, మారే పని లేదు. ఎల్బీనగర్ల దిగితే మియాపూర్ లైన్, అమీర్‌పేటల మారాలె. ఆరాంఘర్ల దిగితే మెట్రోనే లేదు. 2025 జనవరిల ఆరాంఘర్–జూపార్క్ ఫ్లైఓవర్ తెరిచినంక బహదూర్‌పుర పోయేటోళ్ళకు సుఖమైంది గానీ రాయదుర్గం పోయేటోనికి దాంతోని పనిలేదు.

భోనగిరి_బాబాయ్
పై పోస్టు కరెక్టే, అయితే ఉప్పల్ దాక పోవుడు గూడ అంత అలక కాదు తమ్మీ. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ 6 కి.మీ. పైచిలుకు, పనులు 2018ల మొదలైనయి. పిల్లర్ల నడుమ సందులకెళ్లి పోయే బస్సులు ఏళ్ళకేళ్ళు ఆడనే నలిగినయి. పొద్దున 8 దాటితే బోడుప్పల్ నుంచి ఉప్పల్ రింగురోడ్డు దాక బస్సుల నిలబడుడే.

దానికి మందు రైలు. భోనగిరిల ఎక్కి సికింద్రాబాద్‌ల దిగితే స్టేషన్ ఎదురుంగనే సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో, అదే నాగోల్–రాయదుర్గం లైను (బ్లూ లైన్). ఉప్పల్ ముడి మొత్తం తప్పిపోతది. రైలు అందకపోతేనే బస్సు. బస్సుల పోయిన రోజు రింగురోడ్డు కాడ స్కైవాక్ ఎక్కు, నేరుగా మెట్రోలకు తీస్కపోతది, రోడ్డు దాటే పనిలేదు.

ఇంకోటి. హన్మకొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కేటప్పుడు "భోనగిరి ఊళ్ళెకు పోతదా, బైపాస్ మీద పోతదా" అని కండక్టర్‌ను అడిగి ఎక్కు. బైపాస్ మీద దించితే రాత్రిపూట ఊళ్ళెకు ఆటో దొరకది. యాదగిరిగుట్ట బస్సయితే ఈ రంది లేదు.

ఎన్‌హెచ్65_నర్సిమ్మ
చౌటుప్పల్‌ను ఎవరూ పట్టించుకుంటలేరు. హైవే ఊరు నడిమిట్లకెళ్లే పోతది, బైపాస్ గోల లేదు. సూర్యాపేట, కోదాడ ఎక్స్‌ప్రెస్‌లు, నల్లగొండ ఎక్స్‌ప్రెస్‌లు అన్నీ ఈడికెళ్లే. ఒకటి పోతే ఇంకోటి.

ఆరాంఘర్_ఆగమాగం
@నర్సిమ్మ అన్నా, బస్సులు మస్తు, సీట్లు ఏవి? సూర్యాపేటలనే నిండి వస్తయి. నల్లగొండ నాన్‌స్టాప్ చౌటుప్పల్ల ఆగనే ఆగది. రైలు లేదు. సంక్రాంతి ముందు నాలుగు రోజులు, తర్వాత మూడు రోజులు పంతంగి టోల్ కాడ లైను ఎట్లుంటదో టీవీల చూపిస్తనే ఉంటరు. ఆ వారం సాయంత్రం అప్‌డౌన్ చేసేటోని గతి ఏంది?

ఎన్‌హెచ్65_నర్సిమ్మ
పంతంగి చౌటుప్పల్ దాటినంక వస్తది. మనకు ఆ లైనుతో సంబంధం ఎనక తోక వరకే. సంక్రాంతికి సెలవు పెట్టుకుంటే అయిపాయె.

గుట్టకింద_గోపాల్
ఆ లెక్కన యాదగిరిగుట్ట భక్తుల రద్దీకి భోనగిరోళ్ళు శని, ఆదివారాలు, కార్తీకమాసం మొత్తం సెలవు పెట్టాలె 😄

ఎంఎస్‌టీ_మామ
రైలు మాట వచ్చింది కాబట్టి పాస్ సంగతి పూర్తిగ చెప్తా, మల్లమల్ల అడగొద్దు.

నెల పాస్ ఎంఎస్‌టీ. మూడు నెలలది క్యూఎస్‌టీ, నెల పాస్‌కు 2.7 రెట్లు, అంటే మూడో నెల జర తగ్గుతది. 150 కి.మీ. దాటిన దూరానికి సీజన్ టికెట్ ఇయ్యరు, మన ఊర్లన్నీ లోపలనే. గడువు అయిపోయేదానికి 10 రోజుల ముందు నుంచే రెన్యువల్ చేసుకోవచ్చు. ఫోన్ల తీస్కుంటే స్టేషన్ బయటనే తీస్కో, ప్లాట్‌ఫాం మీద నిలబడితే యాప్ ఒప్పుకోదు. చార్జింగ్ అయిపోతే పాస్ లేనట్టే లెక్క, పవర్‌బ్యాంక్ పెట్టుకో.

ఎక్కువ మంది దొరికిపోయేది ఈడనే: సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే సూపర్‌ఫాస్ట్ చార్జీ కలిపి తీసిన పాస్ ఉండాలె. లేకుంటే జనరల్ బోగీల కూసున్నా టికెట్ లేనట్టే. పాస్ ఉంది గదా అని స్లీపర్ల ఎక్కితే కిరాయి, దాని మీద కనీసం 250 ఫైన్. వందేభారత్‌ల పాస్ నడవది. కాచిగూడ–బెంగళూరు వందేభారత్ మహబూబ్‌నగర్ల ఆగుతది గానీ షాద్‌నగర్ల ఆగది, దాన్ని చూసి మురిసిపోకండి.

షాద్‌నగర్ లైనుకు మంచి ఏందంటే సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ డబ్లింగ్, కరెంటు లైను రెండూ అయినయి, 2023 ఏప్రిల్ల జాతికి అంకితం చేసిన్రు. అంతకుముందు ఎదురు బండి కోసం ప్యాసింజర్‌ను బూర్గుల్ల, బాలానగర్ల పక్కకు పెట్టేది. ఇప్పుడు ఆ బాధ చానా తగ్గింది. చెడ్డ ఏందంటే లైను రెండైనా ప్యాసింజర్లు పెరగలె. ఒకటి తప్పితే ఇంకోదానికి కూసోవాలె.

పాలమూరు_పోరడు
మామా, రాయదుర్గం పోయేటోడు కాచిగూడల దిగి ఏం చేస్తడు?

ఎంఎస్‌టీ_మామ
ఫలక్‌నుమా–లింగంపల్లి ఎంఎంటీఎస్ (సిటీ లోకల్ రైలు) అందితే హైటెక్‌సిటీ స్టేషన్ దాక రైలే. అది గంటకో, గంటన్నరకో వస్తది, లేటైతే ప్లాన్ మొత్తం పాయె. మలక్‌పేటల ఆగే ప్యాసింజర్ అయితే ఇంకా నయం, స్టేషన్ పక్కనే మెట్రో.

సునీత_కొత్తూరు
అందరూ ఆయన ఆఫీసు గురించే చెబుతున్నారు. ఆమెది శంషాబాద్, అదీ షిఫ్టులు. రాత్రి పదింటికి షిఫ్టు దిగే మనిషి భోనగిరి ఎట్ల పోవాలి? శంషాబాద్ నుంచి ఆరాంఘర్, అక్కడి నుంచి ఉప్పల్, అక్కడి నుంచి బస్సు. మూడు మారాలి. ఆయనకు పగటి డ్యూటీ, మెట్రో ఉంది, ఎక్కడి నుంచైనా రాగలడు. తిరుగు ప్రయాణం ఎవరిది కష్టమో వాళ్ళ దిక్కే ఇల్లు చూసుకోవాలి.

షాద్‌నగర్ కూడా కాదు, కొత్తూరు చూడండి. పదిపన్నెండు కిలోమీటర్లు కలిసొస్తాయి. తిమ్మాపూర్ స్టేషన్ పక్కనే. మహబూబ్‌నగర్ నాన్‌స్టాప్‌లు ఆగవు, షాద్‌నగర్ బస్సులే మనకు దిక్కు.

మహాలక్ష్మి గురించి: 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్ళకు ఉచితం. డీలక్స్, సూపర్ లగ్జరీ, రాజధానిలో టికెట్ కొనాల్సిందే. తెలంగాణ అడ్రస్ ఉన్న ఒరిజినల్ కార్డు చూపించాలి, జిరాక్సులు, ఫోన్‌లో ఫొటోలు చెల్లవు. జీరో టికెట్ అడిగి తీసుకోండి. అది చేతిలో లేకుండా చెకింగ్ వస్తే ఫైన్ పడేది మనకే.

ఆరాంఘర్_ఆగమాగం
ఆ స్కీం వచ్చినంక ఎక్స్‌ప్రెస్‌ల మొగోళ్ళకు ఫుట్‌బోర్డే సీటు. పైసలిచ్చి నిలబడుడు.

సునీత_కొత్తూరు
అంతకుముందు ఖాళీగా పోయేవా తమ్ముడూ? సోమవారం పొద్దున ఆరాంఘర్ బస్సులో సీటు ఎప్పుడు దొరికింది?

గుట్టకింద_గోపాల్
అక్క పాయింటు కొట్టింది. ఆగమాగం అన్న డీలక్స్ ఎక్కాలె ఇగ.

టోల్_లెక్కలు
కారు కొందామన్న ఆలోచన ఉందన్నవ్ కాబట్టి టోల్ గురించి. ఎవరి టోల్ ఎక్కడ పడ్తదో చూడు:

షాద్‌నగర్‌కు రాయికల్ ప్లాజా ఊరు దాటినంక జడ్చర్ల దిక్కు. చౌటుప్పల్‌కు పంతంగి ఊరు దాటినంక చిట్యాల దిక్కు. కాబట్టి ఈ రెండు ఊర్ల నుంచి సిటీకి పోతే హైవే టోల్ లేదు. భోనగిరికి గూడూరు ప్లాజా ఊరికీ బీబీనగర్‌కూ నడుమ, పోను రాను రెండుసార్లు కట్టాలె. బీబీనగర్‌ల ఉన్నోనికి లేదు.

ప్లాజాకు 20 కి.మీ. లోపల ఉండే సొంత కారుకు లోకల్ నెల పాస్ ఉంది, 2025–26కు 350 రూపాయలు, ఎన్నిసార్లు తిరిగినా అంతే. ఏటా ఏప్రిల్ 1కి మారుతది. ఆధార్‌ల ఆ ఊరి అడ్రస్ ఉండాలె, ఆర్సీ కావాలె. కిరాయికి దిగినోళ్ళు ఇల్లు మారంగనే ఆధార్ మార్పించుకోండి, ప్లాజా కాడికి పోయి కొట్లాడితే పని కాదు. పసుపు ప్లేటు బండ్లకు ఈ పాస్ రాదు.

2025 ఆగస్టు 15 నుంచి ఏడాది ఫాస్టాగ్ పాస్ వచ్చింది, 2025–26ల 3,000కు 200 ట్రిప్పులు లేకుంటే ఏడాది, ఏది ముందయితే అది. మస్తు మంది భోనగిరోళ్ళు ఇదే మంచిదని తీస్కుంటున్నరు. లెక్క చూడండి: ప్లాజా దాటిన ప్రతిసారీ ఒక ట్రిప్పు. నెలకు 25 రోజులు పోను రాను తిరిగితే 50. నాలుగు నెలలల్ల పాస్ ఖతం. ఏడాదికి మూడు కొనాలె, 9,000. అదే లోకల్ పాస్ 12 నెలలకు 4,200. ఏడాది పాస్ వారానికోసారి పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి వచ్చేటోనికి లాభం, రోజువారీ లోకలోనికి కాదు.

ఇంకా ఓఆర్ఆర్ల ఈ పాస్ నడవది. అది జాతీయ రహదారి కాదు, దాని టోల్ వేరే.

చిట్యాల_చిన్నోడు
చిట్యాలకెళ్లి చౌటుప్పల్ కంపెనీల డ్యూటీకి పోయేటోళ్ళకు గూడ లోకల్ పాస్ వస్తదా? సిటీ దాక పోం.

టోల్_లెక్కలు
ఏడికి పోతవన్నది ముచ్చట కాదు, ఇల్లు ఎక్కడున్నదన్నదే. 20 కి.మీ. లోపలనే ఉంటవు కదా, ఇస్తరు. బండి మీద పోతే అసలు టోలే లేదు.

బండి_మెకానిక్
బండి మీదనే రాయదుర్గం పోదామనుకుంటే ఇది చదువు. పోను రాను 100 కి.మీ. లీటరుకు 50 ఇచ్చే బండికి రెండు లీటర్లు, 107 రూపాయల లెక్కన రోజుకు 215 దాక. కారైతే లీటరుకు 15 చొప్పున రోజుకు 700 దాటుతది, ఒక్కడే పోతే కిరాయిల మిగిలింది పెట్రోల్ బంకుల పోస్తవు.

పెట్రోల్ కన్నా ఎవరూ లెక్కల రాయనిది బండి అరుగుడు. నాలుగు రోజుల వారమైనా నెలకు 1,600–1,700 కి.మీ. తిరుగుతది. కంపెనీ 3,000కు ఆయిల్ మార్చమంటది, అంటే రెండు నెలలు నిండకముందే. చైన్‌కు ప్రతి 500 కి.మీ.కు ఆయిల్ కొట్టాలె, పది రోజులకోసారి. వానాకాలం హైవే మీద తడిసిన రోజే సాయంత్రం తుడిచి కొట్టు, తెల్లారేదాక ఉంచితే తుప్పు పట్టి లింకులు బిగుసుకుంటయి, ఒక దిక్కు వదులు ఒక దిక్కు టైటు అయితది, టిక్కుటిక్కు సప్పుడొస్తది. అప్పుడు చైన్ ఒకటే మార్చకు, ముందు ఎనక పండ్ల చక్రాలు కలిపి సెట్టు మార్చు. పాత చక్రం మీద కొత్త చైన్ వేస్తే మూడు నెలలల్ల అదీ పోతది. ఎనక టైరు ఏడాదికి అటుఇటు.

ఓఆర్ఆర్ మీదికి టూవీలర్ రానియ్యరు. సర్వీసు రోడ్డే గతి. వాన పడితే అండర్‌పాస్‌ల నీళ్ళు ఆగుతయి, సైలెన్సర్ మునిగేంత ఉంటే దిగకు. చలికాలం పొద్దున మంచు ఉన్నప్పుడు ఎదురుంగ రాంగ్‌సైడ్ల వచ్చే ట్రాక్టర్‌కు లైటు ఉండది, ఎడమ అంచుకు పోకుండ నడుమ లైన్ల పో.

చార్జింగ్_చంద్రం
ఎలక్ట్రిక్ స్కూటర్ తీస్కుంటే ఈ ఖర్చు సగం కూడ కాదు. చైన్ గోల గూడ లేదు.

బండి_మెకానిక్
కంపెనీ రాసే రేంజ్ నెమ్మదిగ, ఒక్కడే పోయే లెక్క. హైవే మీద 70ల పోతే అందుల పావు వంతు నుంచి మూడో వంతు పోతది. 120 అని రాస్తే 80–90. ఆఫీసు పార్కింగ్‌ల ప్లగ్గు ఉంటేనే కొను. లేకపోతే శంషాబాద్ దాటినంక మీటర్ చూసుకుంట పోవుడే.

చార్జింగ్_చంద్రం
పోర్టబుల్ చార్జర్ ఇస్తరు కదన్నా, ఏ 15 ఆంప్ సాకెట్‌కైనా పెట్టుకోవచ్చు.

బండి_మెకానిక్
సాకెట్ ఉండుడు వేరే, సెక్యూరిటీ గార్డు పెట్టనిచ్చుడు వేరే.

నల్లా_నీళ్ళు
ఇల్లు చూసేటప్పుడు అందరూ గాలి, వెలుతురు చూస్తరు. నీళ్ళు అడగండి.

చౌటుప్పల్, మునుగోడు, నారాయణపురం దిక్కు బోరు నీళ్ళల్ల ఫ్లోరైడ్ ముచ్చట దేశమంతా ఎరుక. 2015ల మిషన్ భగీరథ పైలాన్ చౌటుప్పల్ల పెట్టింది ఊరికె కాదు. నల్లా నీళ్ళు వస్తే తాగడానికి అవే వాడు. బోరు నీళ్ళే దిక్కయితే పరీక్ష చేయించు. లీటరుకు 1 మి.గ్రా. లోపు మంచిది, 1.5 దాటితే తాగొద్దు. టీడీఎస్ మీటర్ పెట్టి "300 ఉంది, సూపర్" అనే ఇంటాయన మాట నమ్మకు. ఆ మీటర్ మొత్తం ఉప్పులు చూపిస్తది, ఫ్లోరైడ్ విడిగ చూపియ్యది. కాచినా పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడ్తది. ఆర్వోల పోతది, మెంబ్రేన్ టైంకు మారిస్తేనే.

అప్‌డౌన్ చేసేటోళ్ళకు అసలు తిప్పలు వేరే. నల్లా వచ్చే టైంకు ఇద్దరూ బస్సుల ఉంటరు. సంపుకు ఫ్లోట్ వాల్వ్ ఉందో లేదో చూడు. లేకపోతే నల్లా కట్టేసి పోతే నీళ్ళు లేవు, తెరిచి పోతే సంపు పొర్లి వాకిలంతా బురద, పక్కింటోళ్ళతోని పంచాయితీ. వాల్వ్ బంతి పగిలి నీళ్ళు పట్టిందంటే మునిగిపోయి మూయదు, చేతిల పట్టి ఊపి చూడు, లోపల నీళ్ళు గలగల అంటే మార్చు. మోటార్‌కు డ్రైరన్ ఆపే ఆటోమేటిక్ బాక్స్ పెట్టించు. సంపు ఖాళీ అయినంక మోటార్ గిర్రుమని తిరిగితే ముందు సీలు పోతది, తర్వాత వైండింగ్.

సునీత_కొత్తూరు
గ్యాస్ సిలిండర్‌దీ ఇదే తంతు. డెలివరీ కోడ్ పక్కింటివాళ్ళకు మెసేజ్ పెట్టి పోండి, లేకపోతే బండి ఎనక్కి పోతుంది.

సర్వేనంబర్_సత్తయ్య
కిరాయికి దిగినోళ్ళు ఆర్నెల్లల్ల ప్లాట్ కొందామంటరు, అందుకే ముందే చెప్తున్న. అనుమతి డీటీసీపీదో (రాష్ట్ర టౌన్ ప్లానింగ్ శాఖ) హెచ్‌ఎండీఏదో (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ), లేఅవుట్ నంబర్ అడుగు. టెంటేటివ్ (తాత్కాలిక) అనుమతి వేరే, ఫైనల్ వేరే. లేఅవుట్ల 15 శాతం ప్లాట్లు రోడ్లు, డ్రైనేజీ అయ్యేదాక సర్కారు కాడ తనఖా ఉంటయి. "రేటు తగ్గిస్తా" అని అంటగట్టేవి అవే. తనఖా ప్లాట్ల నంబర్లు లేఅవుట్ కాపీ మీదనే ఉంటయి, ప్లాట్ నంబర్ సరిచూసుకో. ఈసీ (రిజిస్ట్రేషన్లు, అప్పులు చూపే కాగితం) ఒక్కటి చూసి ఊరుకోకు, లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు) తీస్కో.

ఓఆర్ఆర్ అవతల రాబోయే రీజినల్ రింగ్ రోడ్డు పేరు చెప్పి అమ్మేటోడు భోనగిరి, చౌటుప్పల్, షాద్‌నగర్ మూడు దిక్కులా ఉన్నడు. రోడ్డు పక్కన ప్లాట్‌కూ రోడ్డు కింద పోయే ప్లాట్‌కూ తేడా సర్వే నంబర్లనే ఉంటది, బ్రోచర్ల ఉండది.

పాలమూరు_పోరడు
షాద్‌నగరోళ్ళకు ఇంకో సుఖం. 2016ల పాలమూరు జిల్లాకెళ్లి తీసి రంగారెడ్డి జిల్లాల కలిపిన్రు కదా, కలెక్టరేట్ కొంగరకలాన్‌ల. అర్జీ పెట్టాలంటే ముందు శంషాబాద్ రావాలె, ఆడికెళ్లి తుక్కుగూడ దిక్కు అడ్డంగ పోవాలె. పాలమూరు కలెక్టరేట్ అయితే ఒక్క బస్సు.

గుట్టకింద_గోపాల్
మనసు పాలమూరు, పిన్‌కోడ్ రంగారెడ్డి.

భోనగిరి_బాబాయ్
@సునీత అమ్మా, నీ మాటకు ఒప్పుకుంటున్న. ఆమె షిఫ్టులు ఉన్నన్ని రోజులు భోనగిరి పనికిరాదు. ఇద్దరిదీ సికింద్రాబాద్, ఉప్పల్ దిక్కయితే మాత్రం రైలు విడిచిపెట్టి షాద్‌నగర్ పోవుడు బేకార్.

ఆరాంఘర్_ఆగమాగం
నేనూ అంతే. కొత్తూరు. ఆయన శంషాబాద్ దాక బస్సుల రానీ. ఆడికెళ్లి గచ్చిబౌలి దిక్కు పోయే బస్సు ఏ టైంకు ఉందో చూసుకుని ఆఫీసు టైం కలుపుకోవాలె. ఆఫీసుల ఒక గంట ముందు వస్తా, ముందు పోతా అంటే ఒప్పుకునేటోళ్ళే ఎక్కువ. ఏడుకు లోపలికి పోయి నాలుగింటికి బయటపడితే సగం ముడి విడిపోయినట్టే.

రాయదుర్గం_రైడర్
సునీత గారు, తిమ్మాపూర్ల ఎక్స్‌ప్రెస్‌లు ఆగుతయా? కాచిగూడకు ఎంఎస్‌టీ తీస్కుందామా వద్దా?

ఎంఎస్‌టీ_మామ
ప్యాసింజర్లే అనుకో. ముందే క్యూఎస్‌టీ తీయకు, ఒక నెలది తీసి చూడు. సాయంత్రం కాచిగూడల మహబూబ్‌నగర్ ప్యాసింజర్‌కు పదిహేను నిమిషాల ముందే పోవాలె, సీటు అప్పుడే. మధ్య బోగీలు వదిలెయ్, ఇంజన్ దిక్కు మొదటి బోగీకి నడువు, ఆడ మంది తక్కువ.

బాలానగర్_భాస్కర్
రాయికల్ లోకల్ పాస్ బాలానగరోళ్ళకు వస్తదా? జడ్చర్లల ఉన్న మా చుట్టాలకు రాదన్నరట.

టోల్_లెక్కలు
జడ్చర్ల 20 కి.మీ. దాటుతది, రాదు. వాళ్ళకు నెలకు 50 ట్రిప్పుల పాస్ ఉంది, మామూలు రేటు మీద మూడో వంతు తగ్గుతది. వారానికోసారి అయితే ఏడాది పాసే నయం. బాలానగర్ లోపలనే, ఆధార్ తీస్కపో.